గుర్రపుశాల పాఠాలు – 4: పక్క వేయడం

గత పాఠంలో శాల నేలకు వాలు ఎటు ఉండాలో చూశాం. ఈసారి ఆ నేల మీద పరిచే పక్క సంగతి.

గుర్రం నిలబడే నిద్రపోతుంది కదా, పక్క దేనికని అడిగేవారు చాలామంది. నిలబడి తీసేది కునుకు మాత్రమే. కలలు వచ్చే నిద్ర పట్టాలంటే అది ఒళ్ళు వాల్చాల్సిందే. రోజుల తరబడి పడుకోని గుర్రం నిలబడ్డచోటే తూలి, ముందుకాళ్ళు మడతపడి కూలబడుతుంది. ముందుకాలి కీళ్ళ మీద దోక్కుపోయిన గుర్తులు కనిపిస్తే నేను మొదట దాని పక్కనే అనుమానిస్తాను.

మనకు సులువుగా దొరికేది వరిగడ్డి. మెత్తగా, వెచ్చగా ఉంటుంది. కానీ గుర్రం దాన్ని నములుతుంది. నీళ్ళు చాలకపోతే పేగుల్లో అడ్డుపడి కడుపునొప్పి తెస్తుంది. అందుకే కొత్త గడ్డి పరిచేముందు కడుపునిండా మేత పెట్టండి. మోపు విప్పగానే ఒక పిడికెడు తీసి దులపండి. బూజు వాసన వేసినా, తెల్లని దుమ్ము లేచినా ఆ మోపు శాలలోకి రాకూడదు, గుర్రానికి దగ్గు పట్టుకుంటుంది. ఊక, సన్న రంపపు పొట్టు కూడా దుమ్ము లేపేవే. వాటికన్నా వడ్రంగి చిత్రిక పట్టినప్పుడు రాలే పొట్టు నయం. అమెరికాలో గుర్రాలు పెంచే మనవాళ్ళు మాత్రం అది ఏ చెట్టుదో తప్పక అడగాలి. నల్ల వాల్‌నట్ పొట్టు మీద నిలబడిన గుర్రానికి ఒక్క రోజులోనే గిట్టల లోపల వాపు రావచ్చు.

రోజూ ఉదయం గుర్రాన్ని బయట కట్టేసి లద్దె ఎత్తండి. పొడిగడ్డిని గోడలవైపు నెట్టి, తడిసింది మొత్తం తీసేసి, నేల ఆరనివ్వండి. తడి మిగిలితే గిట్ట అడుగు కుళ్ళుతుంది. తిరిగి పరిచేటప్పుడు గోడల వెంట కాస్త ఎత్తుగా వేస్తే, పొర్లినప్పుడు గుర్రం గోడవార ఇరుక్కోదు.

పక్క పరిచాక దాని మీద మోకాళ్ళూనండి. నేల గట్టిగా తగిలితే మందం చాలలేదు. అలాగే ముఖం కిందికి వంచి గాలి పీల్చండి. మూత్రం కుళ్ళి పుట్టే అమ్మోనియా ఘాటు నేల దగ్గరే ఎక్కువ. నిలబడ్డ మనకు తెలియదు, పడుకున్న గుర్రం రాత్రంతా పీల్చేది అదే.

ఈ వారం అభ్యాసం: రోజూ తెల్లవారుజామున, తలుపు తీయగానే, ఊడ్వకముందే ఇలా వంగి చూడండి. ఘాటు తగిలిన రోజులు రాసి ఉంచండి. ఆ కాగితంతోనే వచ్చే పాఠంలో లద్దె గుంత ఎక్కడ తవ్వాలో తేలుద్దాం.