సూట్ ట్రయల్‌కి వెళ్తున్నారా? ఇవి చూసుకోండి

ఫంక్షన్‌కి రెండు వారాల ముందే ట్రయల్ పెట్టుకుంటే సర్దడానికి టైం ఉంటుంది.

– ముందు భుజాలు. కోటు భుజం కుట్టు మీ భుజం ఎముక చివర ఆగాలి. కిందికి జారితే కోటు చేతులు విప్పి మళ్లీ కుట్టాలి. ఖర్చెక్కువ, అయినా ఫిట్టింగ్ సరిగ్గా కుదరడం కష్టం. నడుము, చేతుల పొడవు తర్వాతైనా సర్దొచ్చు.

– ఆ రోజు వేసుకునే షర్టు, బూట్లతోనే వెళ్లండి. మడమ ఎత్తు మారితే ప్యాంటు పొడవూ మారాలి.

– పొట్ట లోపలికి పీల్చొద్దు! బొత్తాం చుట్టూ ముడతలు ఇంటూ గుర్తులా లాగుతుంటే బిగుతే.

– కూర్చుని చూడండి. తొడల దగ్గర పట్టేసేది నిలబడితే తెలియదు.

– లోపల కుట్ల దగ్గర గుడ్డ ఎంత వదిలారో అడగండి. అది లేకపోతే రేపు వదులు చేయలేరు.