ఇంటి దగ్గర్లో మంచి ఫిల్టర్ కాఫీ దొరికే చోటు పట్టుకోవడం ఎలా

ముందు హద్దు పెట్టుకోండి: ఇంటి నుంచి నడిచి పది నిమిషాలు. బండి తీయాల్సొస్తే ఆ అలవాటు వారం కూడా నిలవదు. మెయిన్‌రోడ్డు అవతల ఉన్న హోటల్‌ని దూరం కిందే లెక్కేయండి.

ఆన్‌లైన్ రేటింగులు ఇక్కడ పెద్దగా పనికిరావు. టిఫిన్ సెంటర్‌కి పడే స్టార్లు చాలావరకు దోసెవీ చట్నీవీ. మీ పేటలో గింజలు వేయించి పొడి పట్టిచ్చే కాఫీ దుకాణం ఉంటే అక్కడ అడగండి, చుట్టుపక్కల హోటళ్లలో ఎవరెవరు పొడి తీసుకెళ్తారో, చికోరీ (కాఫీలో కలిపే వేరు పొడి) ఎంత కలిపించుకుంటారో. పొద్దున్న పార్కులో నడిచే పెద్దవాళ్లు ఎక్కడ ఆగుతున్నారో కూడా చూడండి.

మొదటిసారి ఉదయం ఏడు ప్రాంతంలో వెళ్లి, "కాఫీ స్ట్రాంగ్‌గా, చక్కెర విడిగా" అని చెప్పండి. చక్కెర ముందే కలిసి ఉందంటే చాలాచోట్ల అది మెషిన్‌లోని ప్రీమిక్స్ పొడి. ఇక వెతుకులాట పక్క వీధిలోనే. విడిగా ఇస్తే మొదటి రెండు గుక్కలు చక్కెర లేకుండా తాగండి. చక్కెర చాలా తప్పుల్ని కప్పేస్తుంది.

ఆ రెండు గుక్కల్లో చూడాల్సింది డికాషన్. వాసన బాగుండి, చేదు నాలుక మీద కాసేపుండి పోతే తాజాది. గొంతులో గరగరమంటూ మాడిన చేదు తగిలితే, డికాషన్‌ని నేరుగా మంట మీద పెట్టి మళ్లీ మళ్లీ కాచారు. తెలిసిన మాస్టరు డికాషన్ గిన్నెని వేడినీళ్లలో ఉంచుతాడు, పాలనే కాస్తాడు. రంగుండి రుచి పల్చగా ఉంటే, అదే పొడి మీద రెండోసారి నీళ్లు పోసి తీసిన డికాషన్ కలిపారనుకోవచ్చు. "డికాషన్ అయిపోయింది, పావుగంట ఆగండి" అనే హోటల్ కనబడితే విసుక్కోకండి. పొడిలోంచి చుక్కచుక్కగా దిగడానికి ఆ మాత్రం పడుతుంది. ఆగండి, అలాంటి చోటు దొరకడం కష్టం.

కాఫీ మరీ నల్లగా, చిక్కగా ఉండి వాసన మాత్రం లేకపోతే చికోరీ ఎక్కువైంది. అది వేయించిన వేరు. రంగూ చిక్కదనమూ ఇస్తుంది, కెఫీన్ ఉండదు. కాఫీ, చికోరీ 80:20 ఉంటే వాసన ముందుంటుంది. 60:40లో చిక్కదనమే మిగులుతుంది. కలిపి అమ్మే పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలన్నది నిబంధన. అరకు కాఫీ అని బోర్డు ఉన్నచోట పల్చగా అనిపిస్తే వెంటనే తీసిపారేయొద్దు. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన అరకు అరబికా ఘుమఘుమకి పేరు. రొబస్టా అనే మరో రకం కాఫీ గింజకుండే ఘాటు దాన్నుంచి రాదు. పాలు తగ్గించమని అడిగి మళ్లీ తాగి చూడండి.

రెండోసారి సాయంత్రం నాలుగున్నరకి వెళ్లండి. చాలా హోటళ్లు ఇక్కడే దొరికిపోతాయి: పొద్దున తీసిన డికాషన్‌నే అప్పుడూ పోస్తారు. రెండు పూటలా ఒకేలా ఉంటే సగం పని అయినట్టే. మూడోసారి ఆదివారం రద్దీలో. అప్పుడు పాలలో నీళ్లు పెరుగుతాయి. కాఫీ మీద నురగ క్షణంలో చప్పబడితే అనుమానించండి. గ్లాసులు కుళాయి కింద కడుగుతున్నారా, ఒకే బకెట్‌లో ముంచి తీస్తున్నారా అన్నదీ రద్దీలోనే బయటపడుతుంది.

ఎస్ప్రెస్సో మెషిన్ ఉన్న కెఫేల లెక్క వేరు. అక్కడ ఒక్కటే అడగండి, గింజలు వేయించిన తేదీ. చెప్పలేకపోతే ఏసీ కోసం కూర్చోవచ్చు.

చోటు కుదిరాక మీ కొలత రోజూ ఒకే మాటల్లో చెప్పండి: "స్ట్రాంగ్, చక్కెర సగం, స్టీలు గ్లాసులో." కొన్నాళ్లకి మాస్టరే గుర్తుపెట్టుకుంటాడు. ఆయన సెలవు ఏ వారమో కనుక్కుని పెట్టుకోండి; ఆ రోజు టీ చెప్పుకోవడం మేలు.