బ్రిటన్‌లో స్పోర్ట్ సైకాలజిస్ట్ కావాలంటే: ప్రొఫెషనల్ డాక్టరేట్ దారి

బ్రిటన్‌లో ‘స్పోర్ట్ అండ్ ఎక్సర్‌సైజ్ సైకాలజిస్ట్’ అన్న పేరుకు చట్టరక్షణ ఉంది. 2009 నుంచి హెచ్‌సీపీసీ (ఆరోగ్య, సంరక్షణ వృత్తులవారిని నమోదు చేసే చట్టబద్ధ సంస్థ) రిజిస్టర్‌లో ఉన్నవాళ్లే అలా చెప్పుకోవాలి. అందుకే చేరేముందు ఆ కోర్సు హెచ్‌సీపీసీ ఆమోదించిన జాబితాలో ఉందో లేదో మీరే చూసుకోండి.

ముందు బీపీఎస్ (బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ) గుర్తింపున్న సైకాలజీ డిగ్రీ, లేదా వేరే సబ్జెక్టులో డిగ్రీ చేసినవాళ్లు సైకాలజీలోకి మారేందుకు చదివే కన్వర్షన్ కోర్సు. తర్వాత ఈ విభాగంలోనే గుర్తింపున్న ఎంఎస్సీ. ఆపైనే డాక్టరేట్. ఇది పీహెచ్‌డీ కాదు: పరిశోధనతోపాటు క్రీడాకారులతో పనిచేసిన రుజువులూ చూపాలి.

ఎక్కువమంది తడబడేది ఈ రుజువుల దగ్గరే. సెషన్ అయిన రోజే నోట్స్ రాయండి. ‘ఆత్మవిశ్వాసం పెంచాను’ అని రాస్తే పనికిరాదు. ‘పెనాల్టీకి ముందు బంతి పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, ఒక నిండు శ్వాస వదిలే పద్ధతి నేర్పాను, మ్యాచ్‌లో అతను శ్వాస మరిచి పరుగెత్తాడు, కాబట్టి వచ్చే వారం అలసిన కాళ్లతో సాధన చేయిస్తాను’ అని రాయండి. ఏం చేశారో, ఎందుకో, ఎక్కడ తప్పిందో అందులో కనిపించాలి.

ఇంకో పొరపాటు: అందరూ జట్ల వెంటే పడి వ్యాయామం వైపు వదిలేస్తారు. గుండెజబ్బు తర్వాత నడక మొదలుపెట్టడానికి జంకే మనిషికి ధైర్యం ఇవ్వడమూ ఈ వృత్తే. నా దృష్టిలో నైపుణ్యం బాగా పదునెక్కేది అక్కడే.

పరిశోధనకు నైతిక అనుమతి రాకముందు డేటా సేకరించొద్దు, ఆ డేటా వాడుకోలేరు. పిల్లలతో పనికి నేరచరిత్ర తనిఖీ, వృత్తి బీమా ముందే సిద్ధం చేసుకోండి. ఎవరిలోనైనా ఆత్మహత్య ఆలోచనలు గానీ, తిండికి సంబంధించిన రుగ్మత గానీ కనిపిస్తే ఒంటరిగా మోయకుండా వెంటనే సూపర్‌వైజర్‌కు చెప్పండి.