హవాయి అగ్నిపర్వతాల పార్కు: మన బండల నుంచి మొదలుపెట్టి చూడటం ఎలా?

అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి హవాయి అగ్నిపర్వతాల జాతీయ పార్కు చూడాలనుకునే నల్లగొండ, పాలమూరు పెద్దలు ముందుగా నిప్పును చూసి తీరాలన్న పట్టుదలను పక్కన పెట్టాలి. 1916లో ఏర్పడిన ఆ పార్కులో కిలవేయా, మౌనా లోవా రెండూ సజీవ అగ్నిపర్వతాలే అయినా, లావా ఎగజిమ్మే రోజు మన చేతిలో ఉండదు. ఏ రోజు వెళ్లినా కనిపించేది నేల వయసు.

దానికి కన్నును ఇక్కడే అలవాటు చేసుకోవాలి. నల్లగొండ గుట్ట మీది గ్రానైటు బండను దగ్గరగా చూడండి: సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట భూగర్భంలో నిదానంగా చల్లారినందువల్ల తెల్లని, గులాబీ రంగు పలుకులు విడివిడిగా తెలుస్తాయి. పాత పాలమూరు జిల్లాలోని కొడంగల్ వైపు దొరికే నల్లరాయి సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి లావా. నేల మీద పారి త్వరగా చల్లారినందున దాని పలుకులు కంటికి ఆనవు. కిలవేయాలో కాలి కింద ఉండేది ఈ రెండో జాతి బసాల్టే, కాకపోతే అందులో కొంత భాగం మన కంటే వయసులో చిన్నది.

కిలవేయా శిఖరం సుమారు 1,200 మీటర్ల ఎత్తున ఉంటుంది కనుక స్వెట్టరు, వానకోటు తప్పనిసరి. గంధకపు పొగ ఎక్కువగా ఉన్న రోజున ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారు వెళ్లకపోవడమే మేలు.

మొదట ఆ శిఖరం మీది హలెమావుమావు అగ్నిపర్వత గుంత అంచున కాసేపు నిలబడండి. 2018లో శిలాద్రవం తూర్పున పగుళ్ల గుండా బయటికి పారి సుమారు 700 ఇళ్లను మింగగా, అడుగు ఖాళీ అయిన శిఖరం విడతలు విడతలుగా కుంగిపోయింది. 2019లో ఆ గుంతలో నీరు ఊరింది. 2020 డిసెంబరులో లావా వచ్చి దానిని ఆవిరి చేసింది.

ఆ తరువాత దాని పక్కనున్న కిలవేయా ఇకి అనే మరో గుంత. 1959లో అక్కడ లావా 580 మీటర్ల దాకా, అంటే మన సాగర్ డ్యాం ఎత్తుకు నాలుగు రెట్లకు మించి, ఎగసింది. గడ్డకట్టిన ఆ లావా చెరువు మీదే నడవవచ్చు. పగుళ్లలో ఓహియా మొక్కలు ఎర్రగా పూసి ఉంటాయి, కొన్నిచోట్ల వెచ్చని ఆవిరి చేతికి తగులుతుంది. అయితే దిగిన 120 మీటర్లూ మళ్లీ ఎక్కాలి కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవారు అంచు నుంచే చూడటం మంచిది.

సముద్రం వైపు దిగే 30 కిలోమీటర్ల దారిలో పెట్రోలు గానీ తాగునీరు గానీ దొరకవు. గడ్డకట్టిన లావాలోని రెండు రకాలు, నున్నగా మడతలు పడిన పహోయెహోయె, మొనలు దేలిన ఆఆ, అక్కడ పక్కపక్కనే కనిపిస్తాయి. రెండోదానిపై చెప్పులతో అడుగు వేయకూడదు. ఆ దారిలోనే పువు లోవా అనే చోట 23,000కు పైగా రాతి చెక్కడాలున్నాయి. బిడ్డకు దీర్ఘాయువు కోరి హవాయి వారు బొడ్డుతాడును అక్కడి చిన్న గుంటల్లో ఉంచేవారు. వాటిని చెక్కబాట మీది నుంచే చూడాలి.

స్థానికులకు కిలవేయా పెలే దేవత నివాసం. మనవారికి కొబ్బరికాయ కొట్టాలనిపించడం సహజమే, కానీ తినే వస్తువులు వదిలితే ఎలుకలు చేరుతాయి కనుక దండం పెట్టుకుంటే చాలు. రాయి తీసుకురావడం చట్టరీత్యా నేరం. లావా పారుతున్న రోజైతే, చీకటిలో దాని వెలుగు చూడటానికి పొద్దు గుంకక ముందే తిరిగి శిఖరం చేరుకోండి. టార్చిలైటు వెంట ఉంచుకోండి.