రోబోకు వరండా చూపించడం

టర్టిల్‌బాట్3 అనే చిన్న చక్రాల రోబోతో మ్యాప్ తీసే ముందు నేను నేల మీద కూర్చుని చుట్టూ చూస్తాను. దాని లైడార్, అంటే లేజర్ కాంతితో దూరాలు కొలిచే సెన్సర్, జానెడు ఎత్తులో తిరుగుతుంది, దానికి కనిపించేదంతా ఆ ఎత్తులోనే. మనకు బల్ల అయినది దానికి నాలుగు నల్ల చుక్కలు, అంతే.

మ్యాప్ గీసే సాఫ్ట్‌వేర్ స్లామ్ టూల్‌బాక్స్ ఆన్ చేసి, ఆ మ్యాప్‌ను తెరమీద చూపించే ఆర్‌విజ్‌లో చూస్తూ సెకనుకు 0.1 మీటర్ చొప్పున నడపండి. మలుపుల్లో ఇంకా నెమ్మది. చక్రం జారితే ఎంత దూరం కదిలిందన్న లెక్క తప్పుతుంది. ఖాళీ చోటు తెల్లగా, గోడ నల్లగా, చూడనిది బూడిదరంగులో వస్తుంది. మ్యాప్‌లో ఒక్కో గడి అంటే నేల మీద 5 సెంటీమీటర్లు. చుట్టు తిరిగి తప్పకుండా బయలుదేరిన చోటికే రండి. ఒకే గోడ రెండు గీతలుగా కనిపిస్తే సేవ్ చేయకండి, మళ్లీ తిప్పండి.

అద్దం తలుపుల దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. లైడార్ కాంతి చాలావరకు అద్దంలోంచి వెళ్లిపోతుంది. మా వరండా చివరి తలుపు మ్యాప్‌లో తెల్లగా, తెరిచిన దారిలా వచ్చింది. రోబో నేరుగా వెళ్లి ఠంగుమని కొట్టుకుంది. ఆ శబ్దం నాకింకా గుర్తే. అప్పటినుంచి లైడార్ ఎత్తులో తెల్లకాగితం పట్టీ అంటించాకే మొదలుపెడతాను. అంటించే వీలు లేకపోతే, మ్యాప్‌గా సేవ్ చేసిన పీజీఎం బొమ్మ ఫైలును, బొమ్మలు దిద్దే గింప్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి అక్కడ నల్లగీత గీయండి.

తర్వాత, మ్యాప్‌లో రోబో ఎక్కడుందో అంచనా వేసే ఏఎంసీఎల్ ప్రోగ్రామ్ నడిపి, ఆర్‌విజ్ మ్యాప్‌లో రోబో ఉన్న చోటు చూపించి, రోబోను కాస్త కదపండి. ఒక్కో బాణం ఒక్కో అంచనా; చెల్లాచెదురుగా ఉన్న బాణాలు ఒక్కచోట గుమిగూడితే తనెక్కడుందో దానికి తెలిసినట్టే.