చెకింగ్‌లో ఆపి ఫోన్ అడిగితే ఏం చేయాలి

2021 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో పోలీసులు రోడ్డు మీద బండ్లు ఆపి, కుర్రాళ్ళ వాట్సాప్ ఓపెన్ చేయించి సెర్చ్‌లో గంజాయి అని కొట్టి చూసిన వీడియో గుర్తుందా? ఇదేంటని విలేకర్లు అడిగితే ఒక అధికారి ఏమన్నారంటే, మేం ఎవరి ఫోనూ లాక్కోవట్లేదు, జనమే సహకరిస్తున్నారు, ఎవరూ కంప్లైంట్ కూడా చేయట్లేదు అని. అసలు సంగతి అక్కడే ఉంది. సార్ అడిగారు కదా అని లాక్ తీసి చేతిలో పెట్టేస్తే, మనం ఇష్టపడి ఇచ్చినట్టే అయిపోతుంది.

మామూలుగా ఫోన్ చేతులు మారేది ట్రాఫిక్ చెకింగ్‌లోనే. లైసెన్స్, ఆర్‌సీ డిజీలాకర్‌లో చూపిస్తే చెల్లుతుంది కానీ చూపించడానికి ఫోన్ ఇవ్వక్కర్లేదు, మన చేతిలోనే పట్టుకుని చూపించొచ్చు. మొన్న నేను ఆర్‌సీ చూపిస్తుంటే సరిగ్గా అప్పుడే పైనుంచి మా ఆవిడ మెసేజ్ జారింది, "చింతపండు మర్చిపోతే ఇంటికి రావద్దు" అని, కానిస్టేబుల్ గారు చదివి నవ్వారు. చింతపండు కాబట్టి సరిపోయింది. ఇంటికెళ్ళి నా ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్ పిన్నింగ్ అని వెతికి ఆన్ చేశా, దాని కిందే అన్‌పిన్ చేయాలంటే పిన్ అడగాలి అనే ఆప్షన్ ఉంటుంది, అది కూడా ఆన్ చేయాలి, లేకపోతే ఉపయోగం లేదు. ఇప్పుడు డిజీలాకర్ తెరిచి, రీసెంట్ యాప్స్‌లో దాని ఐకాన్ నొక్కి పిన్ చేస్తే ఇంక వేరే యాప్‌లోకి పోలేరు. ఐఫోన్‌లో దీన్నే గైడెడ్ యాక్సెస్ అంటారు, యాక్సెసిబిలిటీలో ఉంటుంది. లాక్ స్క్రీన్ మీద మెసేజ్‌లు కనపడకుండా కూడా పెట్టేయండి.

తర్వాత వేలిముద్ర, ఫేస్ లాక్. పాస్‌వర్డ్ అయితే మనం నోరు తెరిచి చెప్పాలి, వేలికి ఆ బాధ లేదు, పట్టుకుని పెడితే చాలు. కోర్టులు కూడా దీని మీద ఒక్క మాట మీద లేవు. వారంట్ తెచ్చుకుని పాస్‌వర్డ్ రాబట్టొచ్చు అనే వైపు 2021లో కర్ణాటక హైకోర్టు మొగ్గింది, 2022లో ఢిల్లీలో సీబీఐ స్పెషల్ కోర్టేమో పాస్‌వర్డ్ చెప్పమని నిందితుడిని బలవంతపెట్టలేరు, వేలిముద్ర మాత్రం తీసుకోవచ్చు అంది. అందుకే దూరంగా చెకింగ్ కనపడగానే బండి పక్కన ఆపి ఫోన్‌లో లాక్‌డౌన్ అనే ఆప్షన్ నొక్కండి, ఇంక వేలిముద్ర, ఫేస్‌తో తెరుచుకోదు. ఆండ్రాయిడ్‌లో పవర్ మెనూలో ఉంటుంది, కొన్ని ఫోన్లలో ముందు సెట్టింగ్స్‌లో ఆన్ చేసుకోవాలి. ఐఫోన్‌లో సైడ్ బటన్, వాల్యూమ్ బటన్ కలిపి కాసేపు నొక్కితే చాలు, ఆ తర్వాత పాస్‌కోడ్ కొడితేనే తెరుచుకుంటుంది. ఇవేవీ గుర్తు రాకపోతే స్విచాఫ్ చేసేయండి.

అయినా అడిగితే మర్యాదగానే, "సార్, ఏ కేసులో అడుగుతున్నారు? నోటీసు ఇవ్వండి, మా లాయర్‌తో మాట్లాడి ఇస్తా" అనండి. ఫోన్ తెచ్చివ్వమని అడగడానికి బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 94 సెక్షన్ ఉంది, రాతపూర్వకంగా అడగాలి. అలాగని వారంట్ ఏదీ అని సినిమా హీరోలా అరవొద్దు, కేసు దర్యాప్తులో ఉంటే వారంట్ లేకుండా కూడా కారణాలు రాసుకుని సోదా చేసే అధికారం వాళ్ళకుంది. లాక్కుంటే చేతులు అడ్డం పెట్టొద్దు, నేను ఒప్పుకోవట్లేదు అని నలుగురికీ వినపడేలా ఒక్కసారి అని ఊరుకోండి.

కంగారులో చాట్‌లు డిలీట్ చేయడం అన్నిటికంటే పెద్ద తప్పు, సాక్ష్యం మాయం చేశారని కొత్త కేసు మీదపడుతుంది. మెసేజ్‌లు వాటంతటవే చెరిగిపోయే డిసప్పియరింగ్ మెసేజెస్ లాంటివి ఏ గొడవా లేనప్పుడు ఎప్పుడో పెట్టుకోవాల్సినవి.

ఫోన్ సీజ్ చేస్తే పంచనామా (సాక్షుల ముందు ఏం తీసుకున్నారో రాసే కాగితం) కాపీ అడగండి, అందులో మోడల్, ఐఎంఈఐ నంబర్ (ఫోన్ గుర్తింపు నంబర్) ఉన్నాయో లేదో చూశాకే సంతకం పెట్టండి. ఐఎంఈఐ ఇప్పుడే *#06# కొట్టి రాసిపెట్టుకోండి. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన ఈ బీఎన్‌ఎస్‌ఎస్ ప్రకారమే సోదా, సీజ్ మొత్తం వీడియో తీయాలి, తీస్తున్నారా సార్ అని అడగడంలో తప్పేం లేదు.

ఐఎంఈఐ రాసుకున్న కాగితం మీదే ఇంట్లోవాళ్ళ నంబర్, లాయర్ నంబర్ కూడా రాసి పర్సులో పెట్టుకోండి. ఫోన్ చేతిలో లేకపోతే మా నాన్న నంబర్ కూడా నాకు నోటికి రాదు.