కౌన్సెలర్ దగ్గరికి మొదటిసారి వెళ్లేముందు

• ఎవరి దగ్గరికి వెళ్తున్నారో ముందే తేల్చుకోండి. మందులు రాసేది సైకియాట్రిస్ట్. మాటలతో చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్ట్‌కైతే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. అడగడానికి మొహమాటపడొద్దు, చిన్నపాటి సర్టిఫికెట్ కోర్సుతో బోర్డు తగిలించినవాళ్లూ ఉన్నారు.

• ఫీజెంత, రాలేకపోతే డబ్బు పోతుందా అన్నది ఫోన్‌లోనే అడిగేయండి. సెషన్ మామూలుగా 45 నుంచి 60 నిమిషాలు.

• వాడుతున్న మందుల చీటీలన్నీ వెంట ఉంచుకోండి, థైరాయిడ్ మాత్రలవైనా సరే.

• మొదటి రోజు ఎక్కువగా ప్రశ్నలే: నిద్ర పడుతోందా, తిండి ఎలా ఉంది, ఇంట్లో ఎవరెవరు, ఇదివరకు ఎక్కడైనా చూపించుకున్నారా. వెంటనే పరిష్కారం చేతిలో పెట్టి పంపరు. ఏడుపొస్తే ఆపుకోనక్కర్లేదు, టేబుల్ మీద టిష్యూ డబ్బా అందుకే ఉంటుంది.

• మీరు చెప్పింది బయటికి పొక్కకూడదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 గోప్యతను హక్కుగా ఇచ్చింది. ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాల్లో మాత్రం మినహాయింపు. అమ్మో అక్కో తోడొస్తే కాసేపు బయట కూర్చోమనండి. వాళ్లు నొచ్చుకుంటారు, ఫర్వాలేదు.

• ఆన్‌లైన్ సెషనా? ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి. ఇంట్లో కుదరకపోతే మేడ మీదికి వెళ్లండి.

• రెండు మూడు సెషన్ల తర్వాత కూడా మనసు విప్పలేకపోతుంటే ఇంకొకరిని చూసుకోవచ్చు.

• చచ్చిపోవాలనిపిస్తుంటే అపాయింట్‌మెంట్ రోజుదాకా ఆగొద్దు. ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి: ఉచితం, 24 గంటలూ ఉంటారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.